తేడాల పెట్టె

మా అన్నయ్య వాళ్ళింటికి వీధిలోంచి పైకి మెట్లు పన్నెండు. ఈ లెక్క మీద పేచీ ఉంది. అయినా పన్నెండనే రాశాను, ఎందుకో చివర్లో చెబుతాను. మెట్లెక్కితే ఒక గది, దాని వెనక వంటగది, పక్కన బాల్కనీ అని గొప్పగా చెప్పుకునే రెండడుగుల చప్టా. గదిలో కిటికీ కింద బల్ల, బల్ల మీద చెప్పుల డబ్బా అంత రేకు పెట్టె. అన్నయ్య పోయి ఎనిమిది నెలలైంది. సాయంత్రం ఐదయ్యేసరికి పెట్టె మీది చిన్న బల్బు ఇప్పటికీ వెలుగుతుంది.

అన్నయ్య ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. వదిన అక్కడే కాపీ చదివేది. ఈ పని తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: రాసినాయన ఇచ్చిన కాగితాల్ని ఒకరు పైకి చదువుతారు, అచ్చయి వచ్చిన ప్రూఫుని ఇంకొకరు చూస్తూ తప్పులు దిద్దుతారు. చదివే మనిషి మాటలతో పాటు కామాలు, ఫుల్‌స్టాపులు, కొత్త పేరాలు అన్నీ నోటితో చెప్పాలి. లేకపోతే అవి ప్రూఫులో పడ్డాయో లేదో రెండో మనిషికి తెలియదు. వాళ్ళ ప్రెస్సులో అచ్చయ్యేవి రైళ్ళ టైంటేబుళ్ళు, లెక్కల పట్టికలు, బడిపిల్లల పుస్తకాలు. ఒక్క అంకె తప్పితే వెయ్యిమంది రైలు తప్పిపోయే సరుకు. మూల గదిలో ఎదురెదురుగా కూర్చుని ఇరవయ్యారేళ్ళు ఇద్దరూ అదే పని చేశారు. పెళ్ళి కూడా ఆ గదిలోనే కుదిరింది.

"మొదటి రెండేళ్ళూ మీ అన్నయ్య నా మొహమే చూడలేదు. గొంతు విని చేసుకున్నాడు," అనేది వదిన.

అది అక్షరాలా నిజం. ప్రూఫు దిద్దేవాడి కళ్ళు ప్రూఫు మీదే ఉండాలి. చదివే మనిషి వంక చూశాడా, ఒక వరస జారిపోతుంది. ఆ అలవాటు అన్నయ్యకి ఎంత ముదిరిందంటే, ఇంట్లో కూడా వదిన మాట్లాడుతుంటే తల వంచుకుని వినేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు పెళ్ళామంటే భయం కాబోలనుకునేవాళ్ళు.

ప్రెస్సు ఫోర్‌మన్ ఆయనకి పెట్టిన పేరు ఈకల మాస్టారు. ఎంత శుభ్రమైన పేజీ ఇచ్చినా ఎక్కడో ఒక ఈక పీకి చూపిస్తాడని. వదినకి మాత్రం ఎవరూ పేరు పెట్టలేకపోయారు. ఆవిడ ఒక్క అంకె కూడా ఎప్పుడూ తప్పు చదవలేదు. ఆ గదిలో చట్టం ఒక్కటే. వదిన చదివిందానికీ అచ్చయినదానికీ తేడా వస్తే తప్పు అచ్చుదే. ఒరిజినల్‌ని ఎవరూ దిద్దరు.

కంప్యూటర్లు వచ్చాక కాపీ చదివే ఉద్యోగం ఎత్తేశారు. వదిన ఇంట్లో కూర్చుంది. అన్నయ్య నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఒక్కో వేలితో టైపు కొడుతూ, తిట్లు తింటూ, పేజీలు కట్టడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెడితే తేడా ఉన్నచోటల్లా ఎర్రగీత పడుతుంది.

"మీ వదిన బదులు ఇది," అని నాకు చూపించాడు. "గొంతొక్కటే లేదు."

ఒక ఆదివారం పొద్దున నేను వాళ్ళింట్లో ఉన్నాను. వదిన కూరల సంచీతో పైకొచ్చి, గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"ఏవండీ, పన్నెండో మెట్టేదీ?"

"పదకొండేగా ఉన్నవి," అన్నాడు అన్నయ్య పేపర్లోంచి తలెత్తకుండా.

"పన్నెండు. ఇరవయ్యేళ్ళుగా ఎక్కి చస్తున్నాను, నాకు తెలియదా?"

అన్నయ్య పేపరు మడిచి కిందికి దిగి, లెక్కపెడుతూ ఎక్కాడు. పదకొండు. మళ్ళీ దిగి ఎక్కాడు. ఇంకొకరైతే నవ్వేసి ఊరుకుందురు. ఆయన కింది వాటాలో ఉన్న ఇల్లుగలాయన తలుపు కొట్టి, ఈమధ్య మెట్లకేమైనా రిపేరు చేయించారా అని అడిగాడు.

"మెట్టు కోసుకుపోయి నేనేం చేసుకుంటానయ్యా, దిండు కింద పెట్టుకుంటానా?" అన్నాడాయన.

ముగ్గురం నవ్వుకున్నాం. వదినే ఎక్కువ నవ్వింది.

తర్వాతి నెలలో అలమారా వంతొచ్చింది. ఆకుపచ్చ అలమారాకి గోధుమరంగు ఎందుకు వేయించారని అడిగింది. అది కొన్న రోజు నుంచీ గోధుమరంగే. ఆ తర్వాత మా అమ్మ. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. "మొన్నొచ్చినప్పుడు అత్తయ్య కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళారు, ఇచ్చిరండి," అంది వదిన. అన్నయ్య జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి ఆ మాట రాసుకున్నాడు.

అన్నయ్య చదివింది పదో తరగతి. ఆయనకి తెలిసినదంతా దిద్దిన ప్రూఫుల్లోంచి వచ్చిందే. ఆ ఏడాది ఆయన దిద్దిన పుస్తకాల్లో సైన్సుది ఒకటుంది. కాలం ఒకే దారిన పోదనీ, వెనకెక్కడో చిన్న మలుపు తిరిగితే ముందున్నదంతా మారిపోతుందనీ, మారిన సంగతి అందులో ఉన్నవాళ్ళకి తెలియదనీ ఒక పేరాలో ఉంది. ఇలా ఊహించేవాళ్ళు కూడా ఉన్నారని ఆ రచయిత ఒక్క మాట అనేసి తన దారిన తాను పోయాడు. అన్నయ్య ఆ పేరా దగ్గరే ఆగిపోయాడు.

"చెల్లాయ్, నువ్వు పిల్లలకి పాఠాలు చెప్పేదానివి, కాస్త ఓపిగ్గా విను," అన్నాడు. "ఎప్పుడో ఒకప్పుడు కాలం దారి మళ్ళింది. మెట్టు పోయింది, అలమారా రంగు మారింది, అమ్మ పోయింది. ఆ మారినదాంట్లోనే మనమూ ఉన్నాం కాబట్టి మనకిదే నిజం. మీ వదిన ఒక్కతే మారలేదు. ఆమె దగ్గరున్నది పాత కాపీ."

"అన్నయ్యా, వదినని డాక్టరుకి చూపించాలి."

"ఏం, ఒరిజినల్‌ని దిద్దిస్తావా?"

కోపంగా అనలేదు. అంత తేలిక సంగతి నాకెందుకు తెలియలేదా అన్నట్టు జాలిగా అన్నాడు. ఇరవయ్యారేళ్ళు ఆవిడ గొంతుని నమ్మి బతికిన మనిషి. ఆ గొంతు తప్పు చెబుతోందని ఒప్పుకోవడం కంటే లోకం తప్పు అచ్చయిందని నమ్మడమే ఆయనకి సులువు.

అలా మొదలైంది పెట్టె. ప్రెస్సులో మూలన పడేసిన కంప్యూటరు బోర్డు, పాడైన ఫోన్లోంచి ఊడదీసిన కెమెరా, ఒక రేకు డబ్బా సంపాదించాడు. గంట కోసం ఫోర్‌మన్ బల్ల మీదున్న ఇత్తడి గంట అడిగాడు.

"నా గంటతో మీకేం పని మాస్టారూ?"

"కాలం మారితే మోగుతుంది."

"నేను మోగిస్తే బైండరే రాడు, కాలం వస్తుందా?" అంటూనే ఫోర్‌మన్ ఇచ్చేశాడు. చిన్న మోటారుకి చెంచా కట్టి, అది గంట మీద పడేలా అమర్చాడు అన్నయ్య.

ఇక అసలు పని. రెండువందల పన్నెండు వాక్యాలు టైపు చేశాడు. మన మెట్లు పదకొండు. మన అలమారా గోధుమరంగు. మన పెళ్ళినాడు వాన పడింది. చెల్లాయికి ఎడమ మోచేతి మీద కుట్లున్నాయి. ఇలాంటివి. ఒక్కో వాక్యానికీ ప్రోగ్రాం ఒక పెద్ద అంకె కడుతుంది. వాక్యంలో ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతుంది. వాక్యాలన్నీ అంకెలతో సహా అచ్చు తీసి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మా ఇంట్లో దాచమని ఇచ్చాడు. రోజూ సాయంత్రం ఐదింటికి కెమెరా మెట్లని, అలమారాని ఫోటో తీసి పాత ఫోటోలతో పోలుస్తుంది. అంకెలన్నీ సరిచూస్తుంది. ఆ తర్వాత వరసలో ఇరవై ప్రశ్నలు తెర మీదకొస్తాయి. అన్నయ్య అడుగుతాడు, వదిన చెబుతుంది, ఆయన తెర మీంచి కళ్ళు తిప్పకుండా టైపు చేస్తాడు. తేడా వస్తే గంట.

అంకెల్లోగానీ ఫోటోల్లోగానీ తేడా ఒక్కరోజు రాలేదు. గంట మోగిందల్లా వదిన మాటలకే. దానికి తేడాల పెట్టె అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

"మొగుడు మాటకి మాట అంటే పోట్లాడొచ్చు ఆడపడుచా. మాటకో గంట కొడితే ఏం చెయ్యను? నేనేమైనా సైకిలునా?"

నేను డాక్టరు మాట వదల్లేదు. రోజూ స్కూలు వదలగానే నాలుగింటికి వాళ్ళింటికి వెళ్ళి పోరు పెట్టేదాన్ని. చివరికి అన్నయ్య ఒక ఒప్పందానికి వచ్చాడు.

"వంద రోజులు చూద్దాం. కాలం మళ్ళితే ఒక్కసారే మళ్ళుతుంది. అప్పుడు తేడాలు ఎన్నున్నాయో అన్నే ఉంటాయి, లేదా తగ్గుతాయి. రోగమైతే రోజురోజుకీ పెరుగుతాయి. పెరిగితే నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికే వెళదాం. నేను అడ్డం చెప్పను."

ఆయన మాటంటే మాటే. ఈకల మాస్టారు తన లెక్కలో కూడా ఈక పీకుతాడని నాకు తెలుసు. ఇరవై ప్రశ్నలకి మొదట్లో గంట మూడుసార్లు మోగేది. ఇరవయ్యో రోజుకి ఆరుసార్లు. నలభయ్యో రోజున పదకొండు. ఇంకో అరవై రోజులు ఓపిక పడితే చాలు, వదిన డాక్టరు ఎదుట ఉంటుంది. ఓపిక పట్టలేకపోయింది నేనే.

నలభై ఒకటో రోజు నేను వెళ్ళేసరికి వదిన వంటగదిలో గట్టుకి ఆనుకుని ఏడుస్తోంది.

"ఆ గంట మోగినప్పుడల్లా ఆయన భుజాలు ఇలా ఎగిరిపడతాయే," అని తన భుజాలు ఎగరేసి చూపించింది. "చూడలేకపోతున్నాను. ఒక్క రోజు మోగకుండా చెయ్యవే."

"నేనేం చెయ్యను వదినా?"

"నీ దగ్గర కాగితాలున్నాయిగా. రాసివ్వు. చదవడం నాకు రాదా?"

ఒక్క రోజే కదా అనుకున్నాను. మా ఇంటికి పరిగెత్తి బిస్కెట్ల డబ్బా తెరిచి, ఆ రోజు వంతు వచ్చే ఇరవై వాక్యాలు చీటీ మీద రాసి తెచ్చిచ్చాను. ఐదింటికి వదిన ఒళ్ళో వారపత్రిక తెరిచి, మధ్యలో చీటీ పెట్టుకుని కూర్చుంది. అన్నయ్య కళ్ళు తెర మీద. వదిన గొంతు తడబడకుండా, తొణక్కుండా, ప్రెస్సు రోజుల్లోలాగే పలికింది. గంట ఒక్కసారీ మోగలేదు. అన్నయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తర్వాత లేచి, ఎప్పుడూ లేంది, ముగ్గురికీ తనే టీ పెట్టాడు. పంచదార వెయ్యడం మర్చిపోయాడు. ముగ్గురం తాగేశాం.

ఆ టీ తాగాక మర్నాడు చీటీ రాయకుండా ఉండలేకపోయాను. ఆ మర్నాడూ అంతే.

వందో రోజున అన్నయ్య గీత గీసి చూపించాడు. నలభయ్యో రోజు వరకూ ఎక్కి, అక్కడి నుంచి నేలమట్టమైన గీత. "చూశావా చెల్లాయ్? రోగమైతే ఇలా ఆగుతుందా? కాలం కుదుటపడింది. రెండు కాపీలూ కలిసిపోయాయి." నిజం చెప్పడానికి అది సరైన సమయం. నేను గీతనే చూస్తూ తలూపాను. వదిన నా వంకే చూస్తోంది. ఆ చూపులో ఉన్నది బతిమాలడమో, నేనెవరో గుర్తు రాకపోవడమో, అప్పటికే చెప్పడం కష్టంగా ఉంది.

ఏడు నెలలు అలా గడిచాయి. చీటీలు నేను రాస్తూనే ఉన్నాను. వదిన పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టేది. దువ్వెన ఫ్రిజ్‌లో దొరికేది. అన్నయ్య అవన్నీ వయసు మీదికి నెట్టేవాడు. పెట్టె మోగలేదుగా. జ్ఞాపకాలన్నీ ఒక్కొక్కటే జారిపోతున్నా చదువు మాత్రం చెక్కుచెదరలేదు. కాగితం చేతికిస్తే చాలు, గొంతు తన దారిన తాను నడిచేది. పెట్టె విన్నది ఆ గొంతునే.

ఒక సాయంత్రం మళ్ళీ మెట్ల వంతు వచ్చింది. నేను గుమ్మం పక్కన కుర్చీలో ఉన్నాను.

"మన మెట్లెన్ని?" అడిగాడు అన్నయ్య.

"మన మెట్లు పదకొండు, ఫుల్‌స్టాప్. కొత్త పేరా."

అన్నయ్య వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో చదివే మనిషి వంక తల తిప్పడం నేను చూసింది అప్పుడే. వదిన వేలు చీటీ మీద రెండో వాక్యం కింద ఆని ఉంది, తర్వాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తూ. ఆయన లేచి వచ్చి చీటీ తీసుకున్నాడు. చూడగానే నా చేతిరాత పోల్చుకున్నాడు.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చీటీ అంతా చదివి, "కామాలు పెట్టడం నీకెప్పటికీ రాలేదే," అన్నాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎన్నాళ్ళుగా ఉందని డాక్టరమ్మ అడిగితే, అన్నయ్య పెట్టెలోంచి అచ్చు తీసిన కాగితాల కట్ట ముందు పెట్టాడు. తేదీలు, ప్రశ్నలు, జవాబులు, తేడాలు. ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ తేలేదంటూ డాక్టరు ఒక్కో కాగితమే తిప్పింది.

"ఇక్కడి నుంచి తొమ్మిది నెలలు తేడాల్లేవేం?"

నేను నోరు తెరిచాను. అన్నయ్య నా చేతి మీద చెయ్యి వేశాడు.

"ఆ రోజుల్లో పెట్టె పనిచెయ్యలేదండీ," అన్నాడు.

మా అన్నయ్య అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే. డాక్టరు తలూపి, పూర్తిగా నయమయ్యే జబ్బు కాదనీ, మొదట్లోనే మందులు మొదలుపెడితే కొందరికి కొంతకాలం నెమ్మదిస్తుందనీ, ఇప్పుడు చూద్దామనీ చెప్పింది. ఆ కొంతకాలం ఎంతో నేను అడగలేదు. రోజులు లెక్కపెట్టడం నాకిష్టం లేకపోయింది. అన్నయ్య అడిగాడు. చెప్పలేమంది ఆవిడ.

పెట్టె ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు, ప్రోగ్రాం తిప్పి రాశాడు. ఇప్పుడు వదిన ఏది చెబితే పెట్టె దాన్నే ఒరిజినల్‌గా రాసుకుని, తన దగ్గరున్న వాక్యాన్ని దిద్దుకుంటుంది. మెట్లు పన్నెండంటే పన్నెండు. పెళ్ళినాడు వాన పడలేదంటే పడలేదు. గంట మోగే పనే లేదు. అలమారా ఆకుపచ్చదని ఆవిడ నాలుగు రోజులు వరసగా అంటే, ఐదో రోజు అన్నయ్య రంగు డబ్బా తెచ్చి ఆకుపచ్చ వేశాడు.

"ఇదేం పని అన్నయ్యా?" అన్నాను.

"నేను చెయ్యగలిగింది ఇదొక్కటే చెల్లాయ్. మెట్టు కట్టిస్తానంటే ఇల్లుగలాయన ఒప్పుకోవట్లేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగాడట.

ఏడాది తర్వాత ఒక పొద్దున, ప్రెస్సులో, మిషను మీంచి పేజీలు వచ్చేదాకా ఆగుతూ, కుర్చీలోనే అన్నయ్య గుండె ఆగింది. జేబులో ఎర్ర పెన్ను, నాలుగు మడతల చీటీ ఉన్నాయని ఫోర్‌మన్ తెచ్చి నాకిచ్చాడు.

అప్పటి నుంచీ నేను వదిన దగ్గరే ఉంటున్నాను. ఐదింటికి బల్బు వెలుగుతుంది. పెట్టె అడిగే ప్రశ్నలు నేను చదువుతాను. మీ ఆయన ఎక్కడ అనేది అందులో ఒకటి. "ప్రెస్సులో ఉన్నారు," అంటుంది వదిన. పెట్టెలో ఉన్న వాక్యం కూడా అదే. ఆ వాక్యం అన్నయ్యే టైపు చేశాడు. నేను ముట్టుకోలేదు.

నిన్న ఇది ఇంతవరకూ రాసి, ఒక కాపీ వదిన చేతికిచ్చాను. రెండోది నేను పట్టుకుని, ఎర్ర పెన్ను తీసి ఎదురుగా కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఆవిడ వెన్ను నిటారైంది. మొదటి వాక్యంలోనే ఆగింది.

"మెట్లు పదకొండని ఉందేం? పన్నెండు కదే."

ఒరిజినల్ చదువుతున్నది ఆవిడ. పదకొండు కొట్టేసి పన్నెండు రాశాను.

అక్కడి నుంచి ఎక్కడా ఆగలేదు. ప్రూఫు గది, గంట, చీటీలు, డాక్టరు, అన్నీ కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా చదివింది. "కుర్చీలోనే అన్నయ్య గుండె ఆగింది, ఫుల్‌స్టాప్," అని కూడా అదే గొంతుతో చదివింది. చివరి కాగితం బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

"పాపం, మంచాయన," అంది. "ఆయన పోయాక ఆవిడ ఏమైందే?"

నేను తలెత్తలేదు. చదివే మనిషి వంక చూస్తే వరస జారిపోతుంది.